బట్టల కొట్టుకి పోయిన కౌన్సెలర్

"మా తమ్ముణ్ణి మళ్లీ తాగుడులోకి తోసింది మీరే సార్!"

ప్రభుత్వ బీమా ఆఫీసులో కిటికీ అవతలి అధికారి ఉలిక్కిపడ్డాడు. ఇవతల నిలబడ్డ అక్కకి గొంతు తగ్గించాలనిపించలేదు.

"నెమ్మదమ్మా. ఆసుపత్రిలో తాగుడు మాన్పించే వార్డు ఉందిగా?"

"వార్డుంది. మాట్లాడి మాన్పించే కౌన్సెలర్ అమ్మాయే లేదు. బీమా నుంచి వచ్చే ఆమె జీతం మీరే ఆపేశారుగా!"

"పక్కన డాక్టరు ఉంటేనే కౌన్సెలింగుకి బీమా వర్తిస్తుంది. అది రూలు."

"ఆ డాక్టరు నెలకోసారి చుట్టపుచూపుగా వస్తాడు. తాగాలనే యావ కూడా నెలకోసారే పుడుతుందా సార్?"

అధికారి ముందున్న కాగితాలు సర్దుకున్నాడు.

"ఆ అమ్మాయి ఇప్పుడు బట్టల కొట్లో గుడ్డ కొలుస్తోంది. మావాడు అక్కడికే పోయేవాడు. బేరాల మధ్యే నాలుగు ధైర్యం మాటలు చెప్పేది. నిన్న బేరాలు చెడుతున్నాయని కొట్టు యజమాని వాణ్ణి మెడపట్టి గెంటేశాడు. సాయంత్రానికి తూలుతూ ఇంటికొచ్చాడు."

"లివరు పాడైతే మొత్తం బీమానే భరిస్తుందమ్మా, భయపడకండి."

"పాడయ్యాక మంచమిస్తారు. పాడవకుండా మనిషినివ్వరా?"

"పైవాళ్లకి రాస్తాను."

"రాతలు తర్వాత. వాడు బయట మెట్ల మీద వణుకుతూ కూర్చున్నాడు. ముందు ఫోన్ తీసి ఆ అమ్మాయిని ఇవాళే పనిలోకి పిలవండి. ఆమె జీతం బీమాలో పెట్టండి. అప్పటిదాకా నేనిక్కణ్ణుంచి కదలను."