బడే సాహెబ్ వేసిన ముడి

బడే సాహెబ్ చెప్పిన మాటల్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని మళ్లీ రెండు చేసి, అందులో ఒక ముక్క నమ్మితే చాలని వడమాలపేటలో అనుకుంటారు. ఆ ముక్క కూడా ఆయన భార్య రంజాన్‌బీని అడిగి నమ్మడం మంచిదంటుంది బస్టాపు దగ్గర టీ అంగడి నడిపే వరదమ్మ. అయినా ఆయన వచ్చి ఆ అంగడి బెంచీ మీద కూర్చుంటే చాలు, బస్సు ఎక్కాల్సినవాళ్లు కూడా ఇంకో బస్సుకు పోదాంలే అని ఆగిపోతారు. కోతలు కోయడంలో ఇటు పుత్తూరు నుంచి అటు తిరుపతి దాకా ఆయన్ను మించినవాడు లేడు.

ఆ మధ్యాహ్నం మాత్రం ఆయన కోతలు కోయడానికి రాలేదు. చంకలో ఒక గుడ్డ సంచి ఇరికించుకుని, రంజాన్‌బీ కంట పడకుండా వెనక సందులోంచి జారుకుని, చిన్నబ్బను వెతుక్కుంటూ వచ్చాడు. చిన్నబ్బకు నాలుగు గేదెలు, ఓ ముక్క టమాటా తోట ఉన్నాయి. పొద్దున లేస్తే గేదెల పలుపులు విప్పే చేతులవి. ఆ చేతులతో బడే సాహెబ్‌కు పని పడింది. ఆ సంచి మూతికి తాను స్వయంగా వేసిన ముడి ఎంతకీ ఊడడం లేదు. పళ్లతో పీకాడు, దబ్బనంతో పొడిచాడు, దణ్ణం కూడా పెట్టాడు. కత్తెరతో కోసేద్దామంటే కత్తెర సంచిలోనే ఉంది. సంచి నిండుగా కనపడాలని తన కుట్టు అంగట్లో చేతికి అందినవన్నీ అందులో కుక్కి మరీ మూతి బిగించాడు మహానుభావుడు. ఇంకో కత్తెరో కత్తో తెచ్చి కోస్తే, చూపించడానికి ఉన్న నమూనా అదొక్కటే.

చూపించాల్సింది మోహనకు. తిరుపతిలో ఆమెకు లాండ్రీ ఉంది. ఆడపిల్లల హాస్టళ్ల బట్టలు ఉతికిస్తుంది. ఒక్కో పిల్ల బట్టలు ఒక్కో సంచిలో వేసి, సంచితో సహా మిషన్లో తిప్పుతారు. మూతి వదులుగా కడితే మిషన్లో ఊడిపోయి ఒకరి చున్నీ ఇంకొకరికి పోతుంది, వార్డెన్లు ఫోన్లు చేసి తిడతారు. గట్టిగా కడితే తడిసిన ముడి ఊడక పనివాళ్లు బ్లేడుతో కోసిపారేస్తారు. తనంతట తాను ఊడకూడదు, మనం విప్పితే ఇట్టే రావాలి. అలాంటి మూతి చేసిస్తే హాస్టళ్ల సంచులన్నీ మీ అంగడికే ఇస్తానని మొన్న వచ్చినప్పుడు చెప్పిపోయింది.

రెడీమేడ్ బట్టలు వచ్చిపడ్డాక బడే సాహెబ్ అంగడికి ప్యాంటు కాళ్లు పొట్టి చేయించుకోవడానికి తప్ప ఎవరూ రావడం లేదు. ఉన్న రెండు కుట్టుమిషన్లలో ఒకటి ఊరికే పడి ఉంది. ఈ పని కూడా చేయి జారితే రెండోది అమ్ముకోవడమే. ఆ దిగులు ఆయనకు నిజంగానే ఉంది. కాకపోతే అందరికీ దిగులొస్తే మాట పడిపోతుంది, ఈయనకు దిగులొస్తే మాట పెరుగుతుంది.

టీ అంగడి దగ్గరకొచ్చి చూస్తే బెంచీ మీద చిన్నబ్బ ఉన్నాడు. పక్కనే చేతిలో టీ గ్లాసుతో సాక్షాత్తూ మోహన ఉంది. బడే సాహెబ్ సంచిని చంకలోకి ఇంకా లోపలికి నొక్కాడు.

"ఏం భాయ్, సంకలో ఉండేది సంచేనా?" అంది మోహన.

"సంచే అమ్మా, సంచే!" అంటూ ఆయన ఎదురు బెంచీ మీద కూలబడి, సంచి ఒళ్లో పెట్టుకుని, దాని మీద తువ్వాలు కప్పాడు. "అయితే ఊరికే సూస్తే ఏం తెలుస్తాది? ముందు దీని కథ తెలియాల."

"సెప్పు మరి. బస్సు కూడా ఇప్పట్లో వచ్చేటట్టు లేదు."

బడే సాహెబ్ గొంతు సవరించుకున్నాడు. తువ్వాలు కింద వేళ్లు ముడి మీదకు పోయాయి. పైన నోరు, కింద వేళ్లు ఒకేసారి పనిలోకి దిగాయి.

"ఈ ముడి ఇయ్యాలా నిన్నా ఏసింది కాదమ్మా. మా కూతురు షబ్రీన్ పుత్తూర్లో సదువుకునేటప్పుడు దాని బట్టలకని ఏసినా. షేర్ ఆటో పైన మూటలన్నిటితో పాటు దీన్నీ కట్టినారు. మలుపులో ఆటోవాడు బ్రేకేసినాడు సూడు, మూటలన్నీ రోడ్డు మీద పడి పగిలిపోయినాయి. ఒకామె వంకాయలు దొర్లుకుంటా కాలవలో పడినాయి. మన సంచి పడింది, లేసింది, మూసిన మూతి మూసినట్టే ఉండాది."

"ఇంతేనా?" అన్నాడు చిన్నబ్బ ఆవలిస్తూ.

ఇంతేనా అన్న మాట బడే సాహెబ్ దగ్గర ఎవరూ అనకూడదు. ఎండు గడ్డివాములో అగ్గిపుల్ల వేసినట్టే అది.

"ఇంతేనా అంటావే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పుత్తూరు కదప్పా, ఎముకలు కట్టే వైద్యుడొకాయన పసరు గిన్నెతో సహా పరిగెత్తుకొచ్చినాడు. పడినోళ్లందరికీ కట్లు కట్టినాడు. ఒక మేక్కి కట్టినాడు. ఆటో ముందు చక్రం వంకర పోతే దానిగ్గూడా కట్టినాడు. ఆఖర్న మన సంచి కాడికొచ్చి, అటు తడిమి ఇటు తడిమి, 'సాయిబూ, నా సర్వీసులో కట్టు అక్కరలేనిది దీన్నొక్కదాన్నే సూసినా. ఈ ముడి నాకు నేర్పియ్యి, ఎముకలకు ఏసుకుంటా' అన్నాడు."

"నేర్పించినావా?"

"యాడ నేర్పించేది! నేర్పిస్తే కాలు నయమైనా కట్టు ఊడదు. జనం జీవితమంతా కట్టుతోనే తిరగాల."

వరదమ్మ పాలు కాస్తూ ఫక్కున నవ్వింది. మోహన నవ్వలేదు. "అంటే ఊడదనా భాయ్? ఊడకపోతే మాకేం పనికొస్తాది?"

నాలుక్కరుచుకున్నాడు బడే సాహెబ్. తువ్వాలు కింద తాడు ఒక పేట కొంచెం కదిలినట్టే కదిలి, పక్క పేటను ఇంకా బిగించింది.

"అబ్బబ్బ, అదేగదమ్మా దీని గొప్ప! పరాయోళ్లకు ఊడదు. మనోళ్లయితే సిటికెన వేలు సాలు. కొండ మీద ఏమైందో సెప్తా ఇను. నడిచిపోతా ఉంటే కోతుల గుంపు దిగినాది. సంచి లాక్కునిపొయ్యి చెట్టెక్కి కూసున్నాయి. పీకినాయి, కొరికినాయి, తలకిందులుగా పట్టుకోని గిరగిరా తిప్పినాయి. నీ మిషన్ ఏం తిప్పుతాదమ్మా, దానికి నాలుగింతలు తిప్పినాయి. ఊహూ! పొద్దు వాలేసరికి వాటి నాయకుడు, ముసిలి కోతి, దిగొచ్చి సంచి నా కాళ్ల కాడ పెట్టి రెండు చేతులూ జోడించింది. కోతి కన్నీళ్లు నేను అప్పుడే సూసినా."

"పాపం," అంది వరదమ్మ.

"మనోళ్లకు ఊడిందా?" అంది మోహన.

"ఆడికే వస్తా ఉండా! మా మనవరాలు అఖ్సా అప్పటికి పాకే పిల్ల. పాకుతా వచ్చి, తాడు కొస పట్టుకోని ఇట్ల అనింది అంతే, సంచి నోరు తెరిచింది. పిల్ల అప్పటికి అమ్మా అనలేదు, అబ్బా అనలేదు, మొదటి మాటే 'తెరిసినా' అనింది. కావాలంటే రంజాన్‌బీని అడుగు."

"అడిగితే ఇంకోటి సెప్తాదేమో," అన్నాడు చిన్నబ్బ.

మోహన టీ గ్లాసు కింద పెట్టింది. "అన్నీ బాగుండాయి గానీ భాయ్, తడిస్తే? మాకు వచ్చిన తిప్పలంతా తడితోనే. నూలు తాడు తడిస్తే ఉబ్బి బిగుసుకుంటాది."

ఆ మాటకు బడే సాహెబ్ వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. నిన్న సాయంత్రం, గంజి పడితే నున్నగా జారుతుంది కదా అని, ముడి వేసిన తాడును గంజి నీళ్లలో ముంచి ఆరబెట్టాడు. దర్జీకి గంజి మీద ఉన్న నమ్మకం అది. ఇప్పుడది ముడి కాదు, వక్కపలుకు. తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది ఆయనకు. తెలిసి మాత్రం ఏం లాభం, నోరు అప్పటికే ముందుకు పోయింది.

"తడా? తడి గురించి నన్నా అడిగేది! షబ్రీన్ సూళ్లూరుపేట పక్క కంపెనీలో సేరినప్పుడు తుఫానొచ్చిందా లేదా? బట్టల సంచి నీళ్లల్లో కొట్టుకోని పొయ్యి సరస్సులో పడింది. దాన్నొక సేప మింగింది. సేపంటే మన మార్కెట్లో సేప కాదు, ఈ అంగడంత. మింగి, కడుపులో అరగదు, బయటికి రాదు, పాపం ఈత మర్చిపోయి ఒడ్డుకొచ్చి పడుకునింది. జాలరోళ్లు కోసి సంచి తీసినారు. నేను పోయి కొస లాగినా. లోపల బట్టలు పొడి పొడి! ఏసిన ఇస్త్రీ మడత నలగలా!"

"సేప కడుపులో ఇస్త్రీ పెట్టె గూడా ఉండెనేమో," అన్నాడు చిన్నబ్బ.

"నవ్వుతావా? నవ్వు. ఆ జాలరోళ్లల్లో ఒకడి తమ్ముడు రాకెట్లు ఎగరేసే ఆడ పనిసేస్తాడు. వాడు పొయ్యి పెద్దోళ్లకు సెప్పినాడు. మరుసటి దినం మన ఇంటి ముందర కార్లు! 'బడే సాహెబ్ గారూ, రాకెట్ మూతి మాకు సరిగా పడలేదు, కింద ఉన్నంతసేపూ ఊడకూడదు, పైకి పోయినాక ఒక్క లాగుకు రావాల' అన్నారు. ఎట్లనో సూడు, మీకు కావాల్సిందీ అదే, వాళ్లకు కావాల్సిందీ అదే! నన్నే కూసోమన్నారు రాకెట్లో. రంజాన్‌బీ ఒప్పుకోలేదు, సంచిని పంపిచ్చినా."

తువ్వాలు కింద వేళ్లు బొబ్బలెక్కుతున్నాయి. నుదుటి మీద చెమట ముక్కు దాకా దిగింది. ఆపితే మోహన సంచి అడుగుతుంది. అడిగితే ఇన్నేళ్ల అంగడి అంతటితో సరి. అందుకని ఆకాశం దాకా పోయిన మనిషి అక్కడా ఆగలేదు.

"పైకి పోయింది, తెరుసుకునింది, ఊరికే వస్తాదా? దోవలో ఒక మబ్బును నిండా మింగి, మూతి మూసుకోని దిగొచ్చింది! ఆ సంచి తెచ్చి మన మిద్దె మీద పెట్టుకున్నా. వానల్లేక ఊరు ఎండిపోతా ఉంటే సూడలేక, కొస పట్టుకోని కొంచెం కొంచెం వదిలినా. మొన్న మనూర్లో పడిన వాన మరి ఎవరిదనుకున్నారు?"

చిన్నబ్బ గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "ఆ వాన నీదా?"

"నాదే!"

"మరి ఆ వానకే కదప్పా నా టమాటా తోటంతా కుళ్లిపోయింది! ఒక్క కాయ మార్కెట్‌కు పోలేదు. నీ సంచి పనేనా అది?"

ఎవరైనా అయితే అక్కడ తగ్గేవాళ్లు. బడే సాహెబ్‌కు తగ్గడం తెలియదు. "నీ తోట కాడికి వచ్చేసరికి ముడి రవ్వంత జారిందప్పా," అన్నాడు.



"ఓహో, జారతాదన్న మాట!" అన్నాడు చిన్నబ్బ. "ఇన్నావా మోహనమ్మా? కోతుల గుంపుకే ఊడని ముడి నా టమాటాల మీద జారిందంట. ఏదీ, ఆ తువ్వాలు తియ్యి భాయ్, నీ ముడి నేనూ సూస్తా."

అడ్డం పడేలోపే తువ్వాలు ఊడింది. చిన్నబ్బ సంచిని మోకాళ్ల మధ్య పెట్టుకుని లాగాడు, మెలిపెట్టాడు, ఊపిరి బిగబట్టి మళ్లీ లాగాడు. మొహం ఎర్రబడింది గానీ ముడి కదల్లేదు. "గేదెను ఇప్పుతా, దున్నపోతును ఇప్పుతా, దీన్ని ఇప్పేది నా వల్ల కాదు సామీ," అని సంచి తెచ్చి బడే సాహెబ్ ఒళ్లో పెట్టేశాడు.

బడే సాహెబ్ తలవంచుకున్నాడు. "ఊడ్డం లేదమ్మా," అన్నాడు చివరికి, చిన్న గొంతుతో. "ఊడ్డం లేదు. ఇంకొక్క దినం టైమియ్యి. ఈ పని పోతే మేము మిషన్ అమ్ముకోవాల."

అంతలో పుత్తూరు వైపు నుంచి తిరుపతి బస్సు హారన్ కొట్టింది. మోహన లేచి తన చేతిసంచిలోంచి మడతపెట్టిన గుడ్డ సంచి ఒకటి తీసింది. వరదమ్మ గ్లాసులు కడిగే బకెట్లో దాన్ని నిండా ముంచింది. మూతి రెండు మడతలు వేసి, గుడ్డ ఉంగరంలోంచి ఏదో దూర్చి, తలకిందులు చేసి బాగా దులిపింది. ఊడలేదు. తడి చేత్తోనే, రెండు వేళ్లతో దాన్ని ఇట్టే తిప్పింది. మూతి తెరుచుకుంది.

"అయిపోయిన దారం రీలు భాయ్," అంది. "అడ్డం తిప్పితే పట్టుకుంటాది, నిలువు తిప్పితే జారి వస్తాది. తుప్పు పట్టదు, తడికి ఉబ్బదు. మీ ఇంట్లో గంపెడు ఉండాయంట కదా."

బడే సాహెబ్ సంచి వంకా ఆమె వంకా మార్చి మార్చి చూశాడు. "మా... మా ఇంట్లోనా?"

"బస్సు దిగి నేరుగా మీ ఇంటికే పొయినా. రంజాన్‌బీ అక్క తాను కుట్టిన ఈ సంచి సూపించింది. తడిపి సూసినా, తొక్కి సూసినా. హాస్టళ్ల సంచులన్నీ మీకే అని సెప్పేసి వచ్చి, బస్సు కోసరం ఈడ కూసున్నా."

"మరి ఇంతసేపూ నా చేత..."

"కథ బాగుండాది కదా అని అడ్డం రాలేదు."

బడే సాహెబ్‌కు ముందు సిగ్గేసింది. ఆ వెనకే సంతోషం వచ్చి సిగ్గును పక్కకు నెట్టేసింది. పని వచ్చింది, అంగడి నిలబడింది. చెమటతో పాటు కన్నీళ్లు కూడా తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"నాతో ఒక్క ముక్క సెప్పలేదే అది!" అన్నాడు.

"పొద్దున్నుంచీ సెప్దామనే సూసిందంట. నువ్వు సందిస్తే కదా."

చిన్నబ్బ పొట్ట పట్టుకుని నవ్వాడు. బస్సు వచ్చి ఆగింది. మోహన ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"మర్సేపోయినా భాయ్. రేపట్నుంచి రెండు మిషన్లూ తిరగాలంట. నువ్వు కనపడితే సెప్పమనింది అక్క: 'నోరాడించింది సాలు, ఇంటికొచ్చి కాలాడించమను' అని."