వడ్లు మిగిలిన బియ్యం

పొద్దుటి నుంచీ ముసురు పట్టి వదల్లేదు. ఆరబోసిన ధాన్యం మధ్యాహ్నానికల్లా ఎత్తి ఈ షెడ్డులోకి చేర్చాం. ఇవాళ ఆడించాల్సిన బస్తాలు పక్కన పెట్టాం. వడ్లు తెచ్చినవాళ్ళు వెనక్కి పోకుండా ఇక్కడే ఉండిపోయారు. అందుకే కూర్చోవడానికి కుర్చీలు చాల్లేదు. బస్తాల మీద కూర్చోండి. ఇంజను మామ సభలో బస్తాల మీద కూర్చుంటే తప్పు పట్టేవాళ్ళెవరూ లేరు.

పెద్దలారా, అమ్మలారా, నాతోపాటు ఈ మిల్లులో పనిచేసేవాళ్ళారా. ముందు వరసలో ఉన్న అత్తా, అమ్మాయీ. అత్త పక్క కుర్చీలో కూర్చున్న గాయకులు గారూ.

నేను కాటా దగ్గర పనిచేసే మనిషిని. తూకం చెప్పడం తప్ప ఇలా నిలబడి మాట్లాడటం నాకు అలవాటు లేదు. నేను చెప్పే తూకం ఒకరికి నచ్చుతుంది, ఒకరికి నచ్చదు. ఇవాళ కూడా అంతే అనుకోండి.

ఇంజను మామ మంగళవారం తెల్లవారుజామున పోయాడు. నేను ఈ మిల్లుకి వచ్చేసరికే ఆయన ఇంజను దగ్గర ఉన్నాడు. నాకంటే ముందు వచ్చినవాళ్ళు కూడా అదే మాట అంటారు.

ఆయన ఎందుకు పోయాడో ఊళ్ళో ఒక మాట తిరుగుతోంది. మిల్లు మూసేస్తారని విని, ఆ దెబ్బకి పోయాడని. అది నిజం కాదు. ఆయన గుండె జబ్బు పాతది. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పాక కూడా ఇంజను గది మెట్లు ఎక్కాడు. "ఉన్నవే మూడు మెట్లు, వాటికి కూడా డాక్టరు పర్మిషనా" అనేవాడు. కాబట్టి చావుని తెచ్చి ఎవరి నెత్తినా పెట్టకండి. ఊక కుప్ప దగ్గర నిలబడ్డ కుర్రాళ్ళకి ముఖ్యంగా చెబుతున్నాను. గేటుకి అడ్డంగా ట్రాక్టరు ట్రక్కు పెట్టింది మీరేనని నాకు తెలుసు. తమ కారు లోపలే చిక్కిందని గాయకులు గారి మేనేజరుకీ తెలుసు. అందుకే ఆయన అక్కడ గొడుగు కింద నిలబడి గడియారం చూసుకుంటున్నారు. ఆ ట్రక్కు ఇప్పుడే తీయమని నేను అనను. వాళ్ళు వెళ్తామన్నప్పుడు మాత్రం తీయాలి. కారు మీద ఒక్క చెయ్యి పడకూడదు. చావుకి వచ్చిన మనిషిని అలా పంపితే అత్త మొహం మనం ఎలా చూస్తాం?

మరి మిల్లు మూసేస్తారన్న మాట? అది నిజమే.

షావుకారు పిల్లలు మిల్లు అమ్మేశారు. కొన్నది గాయకులు గారు. ఈ నెలాఖరుకి పని ఆపి, దీన్ని మామ పేరు మీద స్మారక మందిరం చేస్తారట. ఇంజనుకి రంగులు వేసి అద్దాల గదిలో పెడతారట. లోపలికి వచ్చినవాళ్ళకి ఆయన పాటలు వినిపిస్తారట. మేనేజరు గారు మధ్యాహ్నం నన్ను పక్కకి పిలిచి, ఈ శుభవార్త సభలో మీరే ప్రకటించండి, మీరు చెబితే జనం వింటారు అన్నారు. సభ కాగానే మిల్లు తాళాలు ఇవ్వమని మామ కూతుర్ని, మన అమ్మాయినీ అడిగారు.

ప్రకటిస్తానో లేదో చివర్లో చెబుతాను. ముందు మామ సంగతి చెప్పనివ్వండి.

బల్ల మీద ఆయన ఫోటో చూశారు కదా. మామకి ఉన్నది ఆ ఒక్క ఫోటోయే. అది కూడా ఇద్దరు కలిసి దిగింది. స్టూడియో అతను మామ వరకూ కత్తిరించి పెద్దది చేశాడు. కుడి భుజం మీద నాలుగు వేళ్ళు మాత్రం మిగిలిపోయాయి. తీసేయమంటారా అని అడిగాడు. "ఉండనీ" అంది అత్త. ఆ వేళ్ళు ఎవరివో ఇక్కడ అందరికీ తెలుసు.

గాయకులు గారు ఒకప్పుడు ఈ మిల్లులో బస్తాలు మోశారు. అప్పుడు ఆయన్ని సన్నోడు అనేవాళ్ళం. మీకు కోపం రాదనుకుంటాను. బస్తా ఎత్తితే బస్తాకి కాళ్ళు వచ్చినట్టుండేది, మనిషి కనపడేవాడు కాదు. మోస్తూ మోస్తూ పాడేవాడు. ఆ ఊపిరేదో బస్తా మొయ్యడానికి దాచుకోరా అని తిట్టేవాళ్ళం. వింటేగా. పొద్దున్నే ఇంజను స్టార్టు చేసేటప్పుడు మామకి తోడు వెళ్ళేది కూడా సన్నోడే. చక్రం తిప్పేది మామ, చక్రం వేగం అందుకోగానే గాలి మీట వదిలేది వాడు.

ఇంజను దడదడా కొట్టుకుంటుంటే, వడ్లు పొట్టు తీసే హల్లరు ఒకటే పొడుగు మోత మోగుతుంది. సన్నోడు ఆ మోతనే శ్రుతి చేసుకుని పాడేవాడు. కానీ అది వాడి గొంతుకి కాస్త ఎక్కువ. పైకి వెళ్ళేసరికి గొంతు చీలేది. మామ కొన్నాళ్ళు విన్నాడు. ఒకరోజు ఎవరితోనూ ఏమీ అనకుండా, ఇంజను పక్కన వేగం సర్దే నట్టు ఒకటి ఉంటుంది, దానికి రెంచి పెట్టి కాస్త వెనక్కి తిప్పాడు. మోత దిగింది. సన్నోడి గొంతు అందులో కుదురుగా కూర్చుంది. బస్తాలు దించినవాళ్ళం దించినట్టే నిలబడిపోయాం.

అంతా బాగానే ఉంది. ఒక్కటే చిక్కు. హల్లరు నిదానంగా తిరిగితే పొట్టు సరిగా ఊడదు. బియ్యంలో వడ్లు మిగిలిపోతాయి. మర్నాడు ఆడవాళ్ళు చేటలు పట్టుకుని కాటా దగ్గరికి వచ్చేవాళ్ళు, నామీదికి. "నిన్న మీ సన్నోడు పాడాడా? ఏరలేక మా కళ్ళు పోతున్నాయి" అనేవాళ్ళు. "మా ఆయన పన్ను విరిగింది, ఆ పాటేదో పన్ను కడుతుందా" అని ఒకావిడ అడిగింది. ఆవిడ ఇక్కడే ఉంది, నవ్వుతోంది. మామ ఇంజను గదిలోంచి తొంగి చూసి, "పాట ఊరికే వస్తుందా తల్లీ, కాస్త ఏరుకో" అనేవాడు. షావుకారు కేకలేస్తే తలూపేవాడు. షావుకారు అటు వెళ్ళగానే రెంచి తీసేవాడు.

గాయకులు గారూ, మీ మొదటి పాటలు ఈ ఊరు చేటలో వడ్లు ఏరుకుంటూ విన్నది. ఆ సంగతి మీ పాటల గురించి రాసినవాళ్ళెవరూ రాసినట్టు లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. పాట నచ్చకపోతే మామ వంక పెట్టేవాడు కాదు, బాగాలేదని అనేవాడు కాదు. నట్టు మళ్ళీ ముందుకి తిప్పేవాడు. ఇంజను వేగం అందుకునేది. పాట ఆ మోతలో మునిగిపోయేది. అంతే. సన్నోడు అలిగి ఊక కుప్పెక్కి కూర్చునేవాడు. సాయంత్రానికి దిగొచ్చి అదే పాట ఇంకోలా పాడేవాడు.

తర్వాత పాట ఆయన్ని ఎక్కడికో తీసుకెళ్ళింది. మేం సంతోషపడ్డాం. కుళ్ళి ఏడ్చామని ఎవరైనా అంటే నమ్మకండి. రేడియోలో ఆయన గొంతు వస్తే, వీడు మా బస్తాలు మోసినవాడని పక్క ఊరివాళ్ళకి చెప్పుకుని తిరిగాం. మోయనివాళ్ళు కూడా వాడితో కలిసి మోశామని చెప్పుకున్నారు.

పేరొచ్చాక మొదటిసారి ఆయన మన మిల్లు పక్క పొలంలో కచేరీ పెట్టారు. పెద్ద వేదిక, లారీల నిండా పెట్టెలు, లైట్లు. మిల్లు వాళ్ళకి ముందు చోటు అన్నారు. ఆ ముందుకి ముందు ఇంకా చాలా వరసలు వచ్చాయి, అది వేరే సంగతి. కచేరీకి కాస్త ముందు మైకుల మనుషులు వచ్చి, మీ మిల్లు మోత మైకుల్లోకి వస్తోంది, ఆపాలి అన్నారు. అందరం మామ వైపు చూశాం. పాట కోసం ఇంజను వేగం తగ్గించాడు గానీ ఇంజను ఆపినవాడు కాదు ఆయన. ఆ రోజు ఆపాడు. చేతులు తుడుచుకుని మెట్ల మీద కూర్చుని, అక్కణ్ణుంచే కచేరీ అంతా విన్నాడు. ఎలా ఉంది మామా అని అడిగితే, "మంచిదేగా, రేపు బియ్యంలో వడ్లుండవు" అన్నాడు.

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఇక మోటారు సంగతి. గాయకులు గారు ఒకసారి దారిలో ఆగి మిల్లుకి వచ్చారు. అప్పటికి మామ చక్రం తిప్పుతూ మధ్యలో దగ్గుకి ఆగిపోతున్నాడు. ఈయన చూశారు. చూసి బాధపడ్డారు, అది నేను కళ్ళారా చూశాను. భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగారు. ఆ ఫోటోయే ఇది. నెల తిరక్కుండా కరెంటు మోటారు పంపించారు. మంచి మోటారు. మీట నొక్కితే తిరుగుతుంది. చప్పుడు లేదు, పొగ లేదు, దాని పక్కన మనిషి అక్కర్లేదు. మామని బస్తాల మూతులు కుట్టే పనిలోకి మార్చారు.

ఆయన మోటారుని ఒక్క మాట అనలేదు. రోజూ దాన్నీ తుడిచేవాడు. "మంచిది పాపం, ఏమీ మాట్లాడదు" అనేవాడు. కరెంటు పోయినప్పుడు మాత్రం సూదీ దారమూ పక్కన పెట్టి లేచేవాడు. మోటారు వచ్చిన ఈ మూడేళ్ళూ చక్రం తిప్పింది అమ్మాయి. మీట వదిలింది మామ. మోటారు వచ్చాక కూడా ఇంజను బతికుందంటే, మన ఊరి కరెంటు పుణ్యం.

మోటారు పంపేముందు ఒక్కసారి, మామా నీకేం కావాలి అని అడిగి ఉంటే? ఏం చెప్పేవాడో నాకు తెలుసు. ఇంజనుకి కొత్త బెల్టు అడిగేవాడు. పాతది మూడు చోట్ల అతుకు వేసి నడిపిస్తున్నాడు. ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

అడగకపోవడం ఒక్క గాయకులు గారి వైపే ఉందా? మన సంగతి కూడా మాట్లాడుకుందాం. ఆయన కారు ఆగితే మనం ఏం చేశాం? బడికి కప్పు వేయించండి, బావికి పంపు పెట్టించండి, మావాడికి ఉద్యోగం చూడండి. వేయించారు, పెట్టించారు, ఒకరిద్దరికి చూశారు కూడా. ఆయన చుట్టూ మనుషులు కంచెలా నిలబడ్డారంటే, ఎవరు చాచిన చేతులు చూసి నిలబడ్డారు? ఈమధ్య వచ్చిన పాటలు నాకు నచ్చలేదు. మీలో చాలామందికి నచ్చలేదని కాటా దగ్గర రోజూ వింటున్నాను. ఆయన ఎదురుగా ఎవరైనా ఒక్కరు అన్నారా? అనగలిగిన మనిషి మామ ఒక్కడే. ఆయన చేతిలోంచి మనం రెంచి తీసి సూది ఇచ్చాం.

మామని సాగనంపి వస్తూ దారంతా ఇదే వాదన. "ఎంత డబ్బొచ్చినా వాడు మనవాడే రా" అన్నాడొకడు. "మనవాడైతే మన పొయ్యి ఆర్పుతాడా" అన్నాడు ఇంకొకడు. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. నన్ను తేల్చమన్నారు. ఇది కాటా మీద పెట్టే సరుకు కాదు. నా వల్ల కాదు.

నాకు తెలిసింది చెబుతాను. మందిరం కడితే ఇక్కడ పనిచేసేవాళ్ళందరి ఇళ్ళలో పని పోతుంది. అమ్మాయి పని పోతుంది. తండ్రి పేరు మీద కట్టిన గదిలో కూతురికి పనుండదు. వడ్లు తెచ్చినవాళ్ళు నదవతల మిల్లుకి పోవాలి. ఇంజను రంగులేసుకుని అద్దాల వెనక కూర్చుంటుంది. దాని ముందు పాట మోగుతుంది. ఇంజను మాత్రం ఆ పాటకి వేగం తగ్గించనూ లేదు, పెంచనూ లేదు. అది మామ గుర్తు ఎలా అవుతుంది?

గాయకులు గారూ, మీరు మామ మీద ప్రేమ లేక ఈ పని తలపెట్టారని నేను అనను. ప్రేమ ఉంది. మోటారులో కూడా ఉంది. అందుకే ఇది చెప్పడం ఇంత కష్టంగా ఉంది.

మేనేజరు గారూ, మీరు చెప్పమన్న శుభవార్త నేను ప్రకటించను. జనం ఇప్పటికే విన్నారు కదా అంటారేమో. విన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అది మీరూ విన్నారు. మామ ఉంటే ఇంత సేపు మాట్లాడేవాడు కాదు. రెంచి తీసి నట్టు ముందుకి తిప్పేవాడు. సన్నోడికి అర్థమయ్యేది.

కుర్రాళ్ళూ, అరవకండి. కూర్చోండి. గాయకులు గారు జవాబు చెప్పాలని నేను అడగలేదు. ఎవరూ అడగొద్దు.

ఇక లేవాలి. అత్త నన్ను ఒకటే కోరింది. ఆయన్ని తలుచుకునేటప్పుడు ఇంజను ఆగి ఉండకూడదంది. నోళ్ళు మూసుకోవలసింది మనం, ఇంజను కాదు. చక్రం అమ్మాయి తిప్పుతుంది. మీట వదలడానికి ఇంకో చెయ్యి కావాలి. ముందు వదిలితే హ్యాండిలు వెనక్కి తన్నుతుంది, ఆలస్యమైతే తిప్పేవాళ్ళ భుజం పోతుంది. కాబట్టి తెలిసిన చెయ్యే కావాలి. మామ లేడు. ఆయన కంటే ముందు ఆ మీట వదిలిన మనిషి ముందు వరసలో ఉన్నారు. రమ్మని బతిమాలను. వస్తే ఆపను. రాకపోతే నేను వెళ్తాను, నాకు సరిగా రాదు, అమ్మాయికి ఆ సంగతి తెలుసు.

అందరూ లేచి నిలబడండి. టోపీలు, తలగుడ్డలు తీయండి. సెల్‌ఫోన్లు జేబుల్లో పెట్టుకోండి, ఫోటోలు వద్దు. ఇంజను అందుకునేదాకా, అందుకున్నాక అత్త చాలు అనేదాకా, ఎవరూ మాట్లాడకండి. మామని తలుచుకోండి.

*

సభ తర్వాత: మీట గాయకులు గారే వదిలారు. మొదటిసారి తొందరపడ్డారు, ఇంజను రెండోసారికి అందుకుంది. మేనేజరు నాలుగున్నరకి ట్రక్కు పక్కనుంచి నడిచి రోడ్డెక్కి ఆటోలో వెళ్ళిపోయారు. కుర్రాళ్ళు ఐదింటికి ట్రక్కు తీశారు. గాయకులు గారు అప్పుడు వెళ్ళలేదు. ఆరున్నర దాటాక, వాన తగ్గాక వెళ్ళారు. తాళాలు అమ్మాయి దగ్గరే ఉన్నాయి.