హెచ్ అంటే కుడి

నా పేరు టోవె హోర్లుక్. వయసు యాభై రెండు. మునిసిపాలిటీ తరఫున ఇళ్లకు వెళ్లి ముసలివాళ్లకు సూదులు వేసి, కట్లు కట్టే నర్సుని. ఉండేది టింగ్లెవ్ దగ్గర, జర్మనీ సరిహద్దుకి కూతవేటు దూరంలో. భర్త పేరు ఆస్గెర్. నవంబరు పద్నాలుగు, శుక్రవారం మధ్యాహ్నం టోనర్ రోడ్డు మీద జరిగిన ప్రమాదంలో కారు నడిపింది నేనే. ట్రాక్టరు నడిపిన లౌరిడ్స్ బోసెన్ మా పక్కింటాయన. ఆయన ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. కాలు ఉంచుతారో తీసేస్తారో ఇవాళ్టిదాకా డాక్టర్లు చెప్పలేదు. ముందు ఈ మాట రాసుకోండి. తక్కినవన్నీ దీని తర్వాతే.

నేను ఒళ్లు తెలియకుండా ఓవర్‌టేక్ చేశానని మీ పోలీసుల కేసు. వరసగా చెప్తాను. మధ్యలో అడ్డు రాకండి, నాకు తిక్క రేగితే వరస తప్పుతుంది.

మా కారుకి నాలుగు టైర్లూ ఒకటే సైజు. పోయిన చలికాలం పేషెంట్ల ఇళ్ల ముందు ఫుట్‌పాత్ రాళ్లకి కొట్టి కుడివైపు రెండు టైర్లూ చీల్చాను. అది నా ఘనకార్యమే. వసంతంలో చలికాలపు చక్రాలు విప్పినప్పుడు ఆస్గెర్ సుద్దముక్కతో గుర్తులు రాశాడు. ఎడమవాటి మీద వి, కుడివాటి మీద హెచ్. మన డేనిష్‌లో ఎడమ, కుడి మాటల మొదటి అక్షరాలు అవే, ఎవరైనా రాసేది అదే. చీలిన టైర్లని ఊడదీసి చెత్త కేంద్రానికి ఇచ్చేసి, ఉత్త రిమ్ములు దాచాడు. పనికిరానిది ఇంట్లో ఒక్క పూట ఉండనివ్వడు ఆ మనిషి.

చలి మొదలవగానే డెట్లెఫ్ కార్స్టెన్సెన్‌కి ఫోన్ చేశాడు. డెట్లెఫ్‌కి సరిహద్దు అవతల టైర్ల షాపు ఉంది. జర్మన్ వాడే అయినా మన యాస మాట్లాడతాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది, నేను పక్కనే రై రొట్టె మీద చేపముక్క పెట్టుకుని తింటున్నాను.

"డెట్లెఫ్, నా హెచ్‌లు రెండూ పోయాయి. కొత్తవి వెయ్యాలి" అన్నాడు ఆస్గెర్.

"మరి వి లు?"

"బంగారంలా ఉన్నాయి. వాటి జోలికి పోకు."

"ఏం చేసిందిరా మీ ఆవిడ ఆ హెచ్‌లని? పొలం గానీ దున్నిందా?"

ముగ్గురం నవ్వాం. నేనూ నవ్వాను. అది కూడా రాయండి.

జర్మన్‌లో వి అంటే ముందు, హెచ్ అంటే వెనక. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. ముగ్గురికీ ఆ నిమిషాన తట్టలేదు. వెనక టైర్లు పోయాయనుకున్నాడు డెట్లెఫ్. మా కారు మోడల్‌లోనే స్పోర్ట్ రకం ఒకటి ఉందట, దానికి వెనక టైర్లు కాస్త ఎత్తుగా ఉంటాయట. చూసి పోల్చుకుందామంటే పాత టైర్లు లేవు. ఆ రకం తాలూకు ఎత్తు టైర్లే హెచ్ రిమ్ములకి ఎక్కించి వెనక బిగించాడు, వి లని ముందు బిగించాడు. ఎత్తులో తేడా వేలి మందం. వేలి మందం, అంతే.

ప్రతి చక్రం ఎన్నిసార్లు తిరిగిందో కారు లెక్క చూసుకుంటుందని మీ తనిఖీ ఇంజనీరు నాకు చెప్పాడు. పెద్ద చక్రం తక్కువ తిరుగుతుంది, చిన్నది ఎక్కువ తిరుగుతుంది. స్పోర్ట్ రకానికి ఆ తేడా ముందే నేర్పి ఉంచుతారట, మా దానికి నేర్పలేదు. అందుకని ముందు చక్రాలు జారిపోతున్నాయని అది భ్రమపడుతుంది. జారుతున్న కారుని నిలబెట్టాలని ఇంజను జోరు తగ్గించేస్తుంది. నన్ను కాపాడటానికి.

ఆ శుక్రవారం వాన. పెద్దావిడ ఆనె-గ్రెటెకి ఇన్సులిన్ వేళ దాటిపోతోంది. నా ముందు లౌరిడ్స్ ట్రాక్టరు, వెనక ట్రైలర్ నిండా బీట్‌దుంపలు. రోడ్డు తిన్నగా ఉంది. ఎదురొచ్చే లారీ దూరంగా ఉంది, సరిపడా దూరంలోనే ఉంది, ఇరవై ఆరేళ్లుగా ఆ రోడ్డు మీదే తిరుగుతున్నాను. ఎడమ పక్కకి తీసి యాక్సిలేటర్ తొక్కాను. కారు వేగం అందుకోలేదు. ఇంకా తొక్కాను. ఎవరో వెనకనించి కోటు పట్టుకుని లాగినట్టు అయింది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం టపటపా కొట్టుకుంటోంది. నేను ట్రాక్టరు పక్కన ఉన్నాను, ముందుకి పోలేను, బ్రేకు వేసి వెనక్కి దూరదామంటే ట్రైలర్ పొడుగు. లారీ హారన్ ఆపకుండా కొడుతోంది. నేను "పో, పో, పోవే" అని కారుని తిడుతున్నాను.

లౌరిడ్స్ అద్దంలో చూశాడు. నన్ను చూశాడు, లారీని చూశాడు. ట్రాక్టరుని కుడికి, రోడ్డు దింపి కాలవగట్టు మీదికి తిప్పేశాడు. నాకు దారి ఇచ్చాడు. నేను ఆ సందులో దూరాను. లారీ నా అద్దం ఒక్కటే ఊడగొట్టుకుని పోయింది. ఆగి వెనక్కి చూస్తే ట్రాక్టరు కాలవలో పక్కకి పడి ఉంది, చక్రం ఇంకా తిరుగుతోంది, రోడ్డంతా దుంపలు. ఆయన కాలు కింద ఉంది. నేను తొడకి కట్టు బిగించాను. ఆ వేళకి నేనెక్కడికి పోతుంటానో ఆయనకి తెలుసు. "ఆనె-గ్రెటె దగ్గరికి ఎవరినైనా పంపు, టోవె" అన్నాడాయన. అదే అన్నాడు.

ఆ అరుపులేమిటని అధికారి అడిగిన మీదట చెప్తున్నాను. ఇప్పుడు బయట వరండాలో ఆస్గెర్, డెట్లెఫ్ అరుచుకుంటున్నారు, మీకూ వినిపిస్తోంది. "హెచ్ అంటే కుడిరా!" అని ఈయన. "నా షాపులో హెచ్ అంటే వెనకే!" అని ఆయన. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. నా వకీలు కూడా అదే చెప్పి బయటపడమంటున్నాడు.

కానీ ఆ పసుపు దీపం, చక్రాలు వేయించిన సోమవారం నించీ వెలుగుతోంది. కారు ఆపి మళ్లీ తీస్తే ఆరిపోయేది, కొంత దూరం పోయాక వెలిగేది. మలుపుల దగ్గర కారు రెండుసార్లు కునికింది. "చలికి అలాగే ఉంటుందిలే" అన్నాడు ఆస్గెర్. నేను సరేనన్నాను. సరే అనాలనిపించింది, ఎందుకంటే వర్క్‌షాపులో కారు వదిలితే ఆ వారం నా పేషెంట్లని చూసేవాళ్లు లేరు. ఆ దీపం డేనిషూ కాదు, జర్మనూ కాదు. దానికి అర్థం ఒక్కటే, కారుని చూపించుకోమని, అది నాకు తెలుసు. నా లైసెన్సు మీ ఇష్టం. లౌరిడ్స్‌కి మాత్రం అక్షరం వల్ల జరిగిందని ఎవరూ చెప్పొద్దు. ఆ దీపం సంగతి నేనే వెళ్లి చెప్తాను.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. అది నేను చెప్పినదే, ఎవరి బలవంతమూ లేదు. సంతకం హెచ్ మూలన పెట్టమన్నారు. కుడి మూలే కదా అని అడిగి, అవునన్నాకే పెట్టాను.

టోవె హోర్లుక్