విల్లే రాస్తా

అమెరికాలోని ఫ్రెస్నోలో, ఒక ఆర్మేనియన్ వంటింట్లో సిరానుష్, ఆమె కూతురు అరాక్సీ ద్రాక్షాకుల్లో బియ్యం కూరి చుడుతున్నారు.

“మళ్లీ మొదలెట్టావా? విల్లే రాస్తానన్నాగా.”

“అమ్మా, లాయరే వద్దంటుంటే! ట్రస్టు పెడితే ఇల్లు ఇప్పుడే ట్రస్టు పేర మారిపోతుంది. నువ్వున్నన్నాళ్లూ నీ ఇష్టం. తర్వాత నేను చూసుకుంటా. కోర్టు మొహం చూడక్కర్లేదు.”

“పోయాక నేనెక్కడ చూస్తానే కోర్టుని?”

“చూడాల్సింది నేను! విల్లైతే ఏడాది పైన తిప్పుతారు. ఇంటి విలువలో పెద్ద ముక్క లాయర్ల పాలు.”

“పోనీ. ఆకు అంత బిగించకు, బియ్యం ఉబ్బితే పగుల్తుంది.”

“మాట మార్చకు. నజెలీ పిన్ని పోయాక ఏమైందో చూశావుగా. ఇంటికి తాళం, పిల్లలు కోర్టు చుట్టూ.”

“వాళ్లు కొట్టుకున్నారు.”

“మనింట్లో కొట్టుకోరా? వర్తాన్ ఊరుకుంటాడా?”

“అబ్బో, అన్న పేరెత్తావే!”

“ఎత్తక? విల్లైతే వాడికీ నోటీసు పోతుంది. పేపర్లో కూడా వేస్తారు, ఫలానా ఆవిడ పోయింది, అడిగేవాళ్లు వచ్చి అడగండని. మన గుట్టంతా ఊరందరికీ!”

“తెలీనీ.”

“ఓహో. వాడికి వాటా రాస్తున్నావు. అదీ సంగతి! నాన్నకి స్నానాలు చేయించింది నేను, నిన్ను ఆస్పత్రుల చుట్టూ తిప్పింది నేను. నాన్న తోట అమ్మేశాడని తలుపు బాదేసి పోయినవాడికా వాటా?”

“ఇల్లు నీకే.”

“ఏంటీ?”

“మొత్తం నీకే. వాడికి మీ నాన్న గడియారం. అంతే.”

“అదేదో ట్రస్టులోనే రాయొచ్చుగా! ఎందుకమ్మా ఈ మొండితనం?”

“ట్రస్టైతే అంతా నీ చేతిలోనే ఉంటుంది. నేను పోయానని వాడికి చెప్పాల్సిందీ నువ్వే.”

“చెప్పనా ఏంటి?”

“మీ నాన్న పోయినప్పుడు చెప్పావా?”

“చెప్పానమ్మా! ఆ రోజే ఫోన్ చేశా. రానన్నాడు. ఎన్నిసార్లడుగుతావు?”

“శవపెట్టె మూయొద్దని ఫాదర్ని బతిమాలాను. ఇంకాసేపు ఆగండి, నా కొడుకొస్తాడు అని. నువ్వు పక్కనే నిలబడి నా చెయ్యి పట్టుకున్నావు.”

“పట్టుకోక?”

“నలభయ్యో రోజు ప్రార్థనకీ వాడికో కుర్చీ వేయించా. అప్పుడూ నువ్వేం మాట్లాడలేదు.”

“రాకపోతే నేనేం చెయ్యను? వాడిది రాతిగుండె.”

“నేనూ అదే అన్నా. చర్చిలో కనపడ్డ ప్రతివాళ్లతోనూ అన్నా. కన్నకొడుకుని నోరారా తిట్టుకున్నా.”

“మరింకేం? తిట్టాల్సిందే.”

“మొన్న క్రిస్మస్‌కి ఫోన్ మోగిందే. నువ్వు చర్చిలో ఉన్నావు.”

“ఎవరు?”

“వాడే. ‘పండగ కదమ్మా, కోపాలు చాలు. నాన్నకోసారి ఫోనివ్వు’ అన్నాడు.”