మూడు గచ్చుల కింద తాత

సముద్రం పోటెత్తిన పూట ఆలింగ్ బేబాంగ్ కొట్లో కూర్చున్నవాళ్లు నీళ్లు తగ్గేదాకా లేవరు. లేచి వెళ్లేదెక్కడికి, ఇంట్లోనూ అవే నీళ్లు. బెంచీల కింద చీలమండ దాకా ఉప్పునీళ్లు నిలబడి ఉంటాయి. అందరూ చెప్పులు ఒళ్లో పెట్టుకుని, కాళ్లు ఎదుటి బెంచీ అడ్డకమ్మి మీదికి ఎత్తిపెట్టుకుని, గంజి జుర్రుకుంటూ, వేడి రొట్టె కాఫీలో ముంచుకుంటూ కూర్చుంటారు. కదలడానికి వీల్లేని జనం దొరికితే కోతలు కోసేవాడికి అంతకంటే కావలసింది లేదు.

ఆ పని అక్కడ మాంగ్ టినోంగ్ చేస్తాడు. పెద్దవయసు మగవాళ్లని అక్కడ మాంగ్ అనీ, ఆడవాళ్లని ఆలింగ్ అనీ పిలుస్తారు. ఆయనకి అరవై దాటాయి. ఆయన వృత్తి ఇళ్లలో నేల ఎత్తడం. మనీలా అఖాతం ఒడ్డున ఆ ఊళ్లో సముద్రం ఏటేటా కాస్త పైకొస్తుంది, దాంతో పాటు ఇళ్లలో నేల కూడా పైకి లేవాలి. నాలుగైదేళ్లకోసారి గదుల్లో మెరక పోసి, దిమ్మిస కొట్టి, మీద కొత్త గచ్చు వేయించుకుంటారు. నేల లేస్తుంది గాని కప్పు లేవదు. అందుకని ఆ ఊళ్లో పాత ఇళ్లకు తలుపులు పొట్టి, కిటికీలు మోకాళ్ల దగ్గర.

ఆ రోజు రోసెండా కూడా వచ్చి కూర్చుంది. ఊళ్లో అందరికీ సెండా. తన ఇంటి నేల ఇప్పటికి మూడుసార్లు లేచింది. మొగుడు వంటింట్లోకి తల వంచుకునే వెళ్తాడు. ఇంకొక్క మెరకకు చోటుంది, అంతే. ఈసారి వేసింది కుంగితే మళ్లీ పోయడానికి జాగా లేదు, ఇల్లు నీళ్లకు వదిలేయడమే. పైన తెల్ల టైల్స్ పరవాలా, పువ్వుల టైల్స్ పరవాలా అన్నది మొగుడి గొడవ. కింద ఏం పోస్తారన్నది తన గొడవ. వానలు పడేలోపు పని ఎవరికో ఒకరికి ఒప్పజెప్పాలి, ఉన్నది మాంగ్ టినోంగ్, కాకపోతే పట్నం నుంచి వచ్చే టైల్స్ వాళ్లు. ఆయన్ని అడగాల్సిన మాట ఒకటి ఆమె దగ్గరుంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి కదా, ముందు ఆయన్నే మాట్లాడనిద్దామనుకుంది.

"మా ఇంటి నేల సంగతి మాట్లాడదామని వచ్చాను, మాంగ్ టినోంగ్."

"నేల సంగతి నన్ను గాక ఇంకెవర్ని అడుగుతావమ్మా. చూడు సెండా, నా గురించి నేను చెప్పుకోకూడదు, చెప్పుకునే అలవాటు నాకు లేదు, అంబోని అడుగు."

చేపల చెరువుకు కాపలా కాసే అంబో గంజి లోంచి తలెత్తకుండానే, "లేదు లేదు, అసలు లేదు," అన్నాడు.

"వాగవతల కాపితాన్ బెర్తో అని పల్లె పెద్ద ఉండేవాడు, నీకు తెలీదులే, నువ్వప్పుడు చిన్నదానివి. ఒక్క జాన మెరక వెయ్యమన్నాడు. జానే. నేను వెళ్లేసరికి ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చున్నారు. తింటున్న మనుషుల్ని లేవమనడం మర్యాద కాదు గదా. బల్ల కాళ్ల చుట్టూ కంకర పోశాను, కుర్చీల చుట్టూ పోశాను, పాదాలెత్తండి అన్నాను ఎత్తారు, దించండి అన్నాను దించారు. వాళ్లు అరటిపండు వలుచుకునేసరికి గచ్చు ఆరింది. పులుసు గిన్నెలో పులుసు తొణికితే ఒట్టు."

"ఏం పులుసు?" అన్నాడు అంబో.

"చింతకాయ పులుసు. రొయ్యలేసి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మరుసటేడు పోటు మూడు జానలొచ్చింది. నువ్వే రావాలి టినోంగ్, నీ చెయ్యే మంచిది అన్నాడు కాపితాన్. ఎత్తాను, ఎర్ర గచ్చు వేశాను. ఆ పై ఏడు మళ్లీ ఎత్తాను, ముక్కరాళ్లేసి నునుపు చేశాను. ఆ పై ఏడు మళ్లీ, ఈసారి టైల్స్. నేను ఎత్తేకొద్దీ పోటుకి రోషం, దానికి రోషమొచ్చేకొద్దీ నాకు పట్టుదల. నాలుగోసారికి వాళ్ల వీధి తలుపు కిటికీ అయింది, కిటికీ పిల్లి దూరే కన్నమైంది. ఎవరొచ్చినా ఒంగి పాక్కుంటూ రావాల్సిందే, గవర్నరు గారైనా సరే. వచ్చినవాడల్లా గుమ్మంలో మోకాళ్ల మీద పడుతుంటే కాపితాన్ ఇంక ఎన్నికల్లో ఓడిపోతాడా? ఇరవై ఏళ్లు ఎదురు నిలబడ్డవాడు లేడు."

"నిలబడ్డానికి చోటెక్కడుంది," అంది ఆలింగ్ బేబాంగ్, కాఫీ పోస్తూ.

"అదే గదా నేను చెప్పేది. నేలకీ కప్పుకీ మధ్య మిగిలింది మూరెడు. పడుకునే తినడం, పడుకునే పేకాడడం. కూతురి పెళ్లికి రెండొందల మంది చుట్టాలొస్తే ఆరబెట్టిన చేపల్లా వరసగా పడుకున్నారు, సన్నాయి పట్టుకున్నవాడూ పడుకునే ఊదాడు, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ పడుకునే నాట్యం చేశారు. ఆ ఇంట్లో ఒక మనవడు పుట్టాడు. ఐదేళ్లొచ్చినా మనిషి రెండు కాళ్ల మీద నిలబడతాడని వాడికి తెలీదు. బళ్లో వేసిన రోజు మొదటిసారి బయటికొచ్చి ఆకాశం చూసి, తాతా, ఈ కప్పు ఇంతెత్తున ఎవరు వేశారు, టినోంగేనా అని అడిగాడు."

అంబో ఈసారి నవ్వాడు. సెండా నవ్వలేదు గాని వింటోంది. ఈ మనిషి అరచేతిలో వైకుంఠం చూపిస్తాడని ఊరంతటికీ తెలుసు, చూపిస్తుంటే చూడని వాళ్లూ లేరు.

"ఆ పిల్లాడి కోసమని కాపితాన్ మనసు మార్చుకున్నాడు. టినోంగ్, పాత ఇల్లు మళ్లీ కావాలి, తవ్వు అన్నాడు. పూడ్చినవాడికి తవ్వడం ఓ లెక్కా? పై టైల్స్ తీశాను, ఒక్కటి విరిగితే అడుగు. దాని కింద ముక్కరాళ్ల గచ్చు. దాన్ని చాపలా చుట్టి పక్కన పెట్టాను."

"గచ్చుని చుట్టారా?" అంది ఆలింగ్ బేబాంగ్.

"మంచి పనివాడు వేసిన గచ్చు చుట్టుకుంటుంది ఆలింగ్ బేబాంగ్, చెడ్డవాడు వేసిందే విరుగుతుంది. దాని కింద ఎర్ర గచ్చు. మైనం రాసి కొబ్బరి డొక్కతో రుద్దిన ఎర్ర గచ్చు, అప్పుడే తుడిచినట్టుంది, మన్ను కూడా అంటలేదు. కాపితాన్ పెళ్లాం వంగి చూసింది. మొహం కనిపించింది. ఏ మొహం? నేను పూడ్చిన రోజున ఆ గచ్చులో చూసుకున్న మొహం. నల్లటి జుట్టు, పళ్లన్నీ ఉన్న మొహం. అది కింద అలాగే ఉండిపోయింది. ఆవిడ ఇంక పైకి రానంటే రానంది. అన్నం పళ్లెం తాడు కట్టి దింపేవాళ్లు."

సెండా కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. తన ఇంట్లోనూ మూడు మెరకల కింద ఒక ఎర్ర గచ్చుంది. శనివారం శనివారం అమ్మ కొబ్బరి డొక్క కాలికింద పెట్టుకుని, చేతులు నడుముకి పెట్టుకుని, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా రుద్దేది. పిల్లలు వెనకాల గుడ్డపేలికల మీద జారుకుంటూ పోయేవాళ్లు. అమ్మ పోయి తొమ్మిదేళ్లు. ఈయన చెప్తున్నది ఒట్టి కోత అని తెలిసి కూడా ఆమెకి గుండె కలుక్కుమంది. ఆ ఒక్క మాటకే పని ఈయనకిచ్చేద్దామా అని కూడా ఒక్క క్షణం అనిపించింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పండి," అంది సెండా.

"ఎర్ర గచ్చు తీశాను. కింద పాత సిమెంటు గచ్చు. దాని మీద చాప, చాప మీద దిండు, దిండు మీద తాత కూలాస్."

అంబో చెంచా ఆపేశాడు. "చచ్చిపోయాడా?"

"చావడమేంటి, గురక పెడుతున్నాడు. కాపితాన్ వాళ్ల నాన్న. రెండోసారి మెరక వేసిన రోజు భోజనం చేసి కునుకు తీశాడు. నేను ఎంత నెమ్మదిగా పోశానంటే, పైన దిమ్మిస ఎంత మెత్తగా కొట్టానంటే, ఆయనకి మెలకువ రాలేదు. ఇంట్లోవాళ్లు కోడిపందేలకి వెళ్లాడనుకున్నారు. కళ్లు నులుముకుని లేచి, కాఫీ పెట్టారా అనడిగాడు. పెట్టి ఇచ్చారు. తాగి, నా పుంజేదన్నాడు. అది కూరై పదమూడేళ్లయిందని ఎవరు చెప్తారు?"

"మీరే చెప్పుండాల్సింది," అంది ఆలింగ్ బేబాంగ్.

"నేను పనిలో ఉన్నా. ఆ సిమెంటు కూడా తీశాను. అన్నిటికంటే కింద వెదురు బద్దల నేల, వాళ్ల ముత్తాత వేసింది. బద్దల సందుల్లోంచి చూస్తే నీళ్లు. ఏ కాలం నాటి పోటో, నేను పైన మూసేస్తే బయటికి దారి తెలీక అక్కడే ఉండిపోయింది. అందులో పాలచేప ఒకటి, ఈ బెంచీ అంత, ముసలిదైపోయి మీసాలు నెరిశాయి. నన్ను చూసి సిగ్గుపడి పక్కకి తిరిగింది. నేను దారి తీశాను. ఆ పాత పోటు బయటికెళ్లి, సముద్రంలో ఉన్న పోట్లన్నిటికీ చెప్పింది, వాళ్లింటికి వెళ్లకండి, అది టినోంగ్ కట్టింది అని. ఆ రోజు నుంచి నేను నేల వేసిన ఇళ్ల దగ్గరికి రాగానే పోటు ఆగుతుంది. తలుపు దగ్గర నిలబడి, ఇది మాంగ్ టినోంగ్ వేసిందా అని అడిగి, అవునంటే పక్క సందులోంచి పోతుంది."

బెంచీల కింద నీళ్లు అప్పటికి కాస్త తగ్గుముఖం పట్టాయి. ఒక ప్లాస్టిక్ సంచీ మెల్లగా వీధి వైపు కదిలింది. మాంగ్ టినోంగ్ కాఫీ గ్లాసు ముందుకు జరిపి, ఆలింగ్ బేబాంగ్ నింపేదాకా చూశాడు. కథ ముగిసిందని, పని తనదేనని ఆ గ్లాసు జరపడంలోనే తెలుస్తోంది.

"మెరకలో ఏం పోస్తారు?" అంది సెండా.

"అదీ అడగాల్సిన మాట. నది కంకర, దాని మీద నది ఇసుక, దాని మీద నా కాలు. జానకోసారి తడిపి దిమ్మిస. ఏ ఇల్లైనా అదే, కాపితాన్ ఇల్లైనా బీదవాళ్ల ఇల్లైనా."

"మా చెల్లెలు చరింగ్ ఇల్లు కూడా అంతేనా? ఐదేళ్ల కిందట మీరే ఎత్తారు."

"చరింగ్ ఇల్లా! దానికైతే కంకర నేనే పడవలో నిలబడి ఏరాను. ఒక్కొక్క రాయీ చెవి దగ్గర పెట్టుకుని, మోగితేనే పోశాను."

"పిల్ల మంచం ఉన్న మూల కుంగింది. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టుకుని పడుకోబెడుతోంది. నిన్న నేనూ చరింగూ గునపం తీసుకుని ఆ మూల తవ్వాం." సెండా గొంతు పెద్దది చేయలేదు. "మాకు తాత కనబడలేదు, మాంగ్ టినోంగ్. కొబ్బరి డొక్కలు కనబడ్డాయి. మూడు బుట్టలు తీశాం, ఇంకా ఉన్నాయి. కుళ్లి నల్లగా అయ్యాయి. రాయి ఒక్కటి లేదు, చెవి దగ్గర పెట్టుకుందామంటే."

మాంగ్ టినోంగ్ నోరు తెరిచాడు. "అది... ఆ డొక్కలు ఎందుకంటే, పోటుకి..." అని మొదలుపెట్టాడు. ఆయన మాటకి ఎప్పుడూ ముందు నవ్వే అంబో గంజిలోకి చూస్తూ కూర్చున్నాడు. మాంగ్ టినోంగ్ అతని వైపు చూసి, ఆలింగ్ బేబాంగ్ వైపు చూసి, మాట మింగేశాడు.

"ఆ ఏడు కంకర పడవ రాలేదు, సెండా," అన్నాడు చివరికి. "నాలుగు రోజులాగితే వచ్చేది. ఇంకో ఇల్లు ఒప్పుకుని ఉన్నా. ఆగలేదు."

"చరింగ్‌కి చెప్పలేదు."

"చెప్పలేదు. ఆ సందులోకి మళ్లీ పోలేదు. బజారుకి చుట్టూ తిరిగి పోతాను."

ఒళ్లో ఉన్న చెప్పులు చేతిలోకి తీసుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకున్నాడు. నీళ్లు ఇంకా పూర్తిగా తగ్గలేదు, ఎవరూ లేవలేదు. ఆయనొక్కడే దిగి, కాలు జారకుండా ఒక్కొక్క అడుగూ తడుముకుంటూ వీధి దాటాడు. అరిగిన మోకాళ్లతో అరవై ఏళ్ల మనిషి నీళ్లలో అలా నడుస్తుంటే సెండాకి జాలేసింది, కోపం మాత్రం తగ్గలేదు. మలుపు దగ్గర ఆయన బజారు వైపు తిరగలేదు. చరింగ్ వాళ్ల సందులోకి తిరిగాడు.

ఆలింగ్ బేబాంగ్ ఆయన తాగకుండా వదిలేసిన గ్లాసు తీసి, బల్ల తుడిచింది.

"అయితే పట్నం టైల్స్ వాళ్లకే ఇస్తావన్నమాట."

"ఈయనకే ఇస్తాను," అంది సెండా. "నేను తవ్వి చూసే మనిషినని ఆ పట్నం వాళ్లకి తెలీదు కదా."