ఎలిశబెతమ్మకు చోటు

1962 ఏప్రిల్ 26వ తేదీ, గురువారం పొద్దున, సబిన్‌స్పెక్టరు గారు అడగ్గా చెప్పినది.

నా పేరు ఎస్తేరమ్మ. చనిపోయిన సమాధానం అనే ఆయన భార్యను. వయసు యాభై ఆరో, ఏడో. తుంగ చాపలు అల్లి అల్లూరులో అమ్ముకుంటాను. ఊరు గుల్లపాళెం.

జకరయ్య నా మీద ఇచ్చిన కంప్లయింటు చదివి వినిపించినారు. వాళ్ళమ్మను పూడ్చనీయకుండా అడ్డం పడినానని, సున్నం బకెట్టుతో కొట్టినానని. అడ్డం పడిన మాట నిజం. కొట్టినాననేది అబద్ధం.

మా సమాధుల తోట చిన్నది. తూర్పున ఉప్పుకాలవ, పడమర పద్మనాభయ్య గారి వరిచేను. పెంచడానికి లేదు. అందుకని పెద్దల నాటి నుంచి ఒక కట్టుబాటు ఉంది. ఈస్టరుకి ముందు ఎవరి సమాధులకి వాళ్ళు సున్నం వేసుకోవాలి. వరసగా మూడేళ్ళు సున్నం పడకపోతే ఆ సమాధికి దిక్కు లేదని లెక్క. అక్కడే తవ్వి కొత్తగా పోయినవాళ్ళని పెడతారు. నేనూ మా ఆయనా పనికని నాయుడుపేట పోయి నాలుగేళ్ళకి తిరిగొస్తే, మా అమ్మను పెట్టిన చోట వేరేవాళ్ళ సిలువ ఉంది. ఎవరిని అడిగేది? అందరూ కట్టుబాటు ప్రకారమే చేసినారు.

అప్పటి నుంచి నేనూ, పంతులమ్మ ఆనందకుమారి, టైలరు క్రీస్తురాజు కలిసి దిక్కులేని సమాధులకి సున్నం వేస్తున్నాము. కంప కొడతాము. గాలికి పడిన సిలువలు నిలబెడతాము. చెయ్యమన్నవాళ్ళు లేరు, వద్దన్నవాళ్ళూ లేరు. మాకు గుల్లలు ఏరి, కాల్చి సున్నం ఇచ్చేది ఎవరనుకున్నారు? జకరయ్య తల్లి ఎలిశబెతే. ఈ ఏడూ ఆమే ఇచ్చింది. ఒక్కటి వదలకుండా వేసినాము. తోటంతా తెల్లగా ఉంటే చూసుకుని మురిసిపోయినాము. తరవాత పోయేవాళ్ళని ఎక్కడ పెట్టేదని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. దానికి తిట్టండి, పడతాను.

నిన్న తెల్లవారుజామున ఎలిశబెతు పోయింది. శవప్పెట్టె వచ్చే దారిలో తోట గోడ నల్లగా ఉందని నేను బకెట్టు, కుంచె తీసుకుని ముందే పోయినాను. మూడు గంటలప్పుడు జకరయ్య గడ్డపారతో వచ్చినాడు. తోటంతా తిరిగినాడు. ఎక్కడ చూసినా సున్నమే. ఆఖరికి మూలనున్న దిక్కులేని సమాధి మీద గడ్డపార దించబోతే నేను పోయి అడ్డంగా కూర్చున్నాను.

"లే అత్తా."

"లేవను. సున్నం పడిన సమాధిరా అది."

"నీకేమవుతారు వాళ్ళు?"

"ఏమీ కారు."

"మరి? సచ్చినోళ్ళందరికీ సున్నం కొట్టి, నన్ను మా అమ్మను నెత్తిన పెట్టుకుని తిరగమంటావా?"

వాడి మాటా నిజమే. అయినా లేవలేదు. అతను బకెట్టు లాగినాడు, నేను వదల్లేదు, సున్నం చిమ్మి అతని కంట్లో పడింది. నీళ్ళు తెచ్చి కడిగింది కూడా నేనే. అది కంప్లయింటులో రాయించలేదు చూడండి.

ఇంతలో పెట్టె వచ్చేసింది. మోసినవాళ్ళు ఎండలో నిలబడినారు. పాస్టరు గారు నన్నొకసారి, జకరయ్యనొకసారి చూస్తారు. పద్మనాభయ్య గారి గట్టు అడుగుదామని ఒకరు, కాలవ పక్కన పెడదామని ఒకరు. కాలవ పక్కన పెడితే వానాకాలానికి తేలొస్తుంది. నాకు విసుగు పుట్టింది. ఎలిశబెతు ఎండలో ఉండటం చూడలేకపోయినాను. మా ఆయన పక్కన నాకని ఉంచుకున్న చోటు ఉంది. అక్కడ తవ్వరా అన్నాను. ఒక కన్ను మూసుకునే తవ్వినాడు.

వాళ్ళమ్మ మీద మన్ను వేసి, చేతులు కడుక్కుని, నేరుగా మీ దగ్గరికి వచ్చినాడు. వాడి మీద నాకు కోపం ఉంది. వాడి మీద నేను ఎదురు కంప్లయింటు ఇవ్వను, వాళ్ళమ్మ నా స్నేహితురాలు.

నిన్నటి నుంచి పాస్టరు గారిని, పెద్దలని, ఇప్పుడు మిమ్మల్నీ అడుగుతున్నాను, రేపు నన్నెక్కడ పెడతారని. అందరూ నేల చూస్తున్నారు. చూడండి. కానీ ఇది రాసుకోండి. ఆ తోటలో ఏ సమాధినీ తవ్వనీయను. నా కోసమైనా సరే.

నేను చెప్పింది చెప్పినట్టే రాసినారు. చదివి వినిపిస్తే విన్నాను. ఇందులో కల్పించినది ఏమీ లేదు.

ఎస్తేరమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర