బల్ల చుట్టూ ఒక్క చుట్టు

పంతొమ్మిది వందల తొంభై జూన్ పదకొండవ తేదీన మన పాఠశాలలో చిత్రకళ అధ్యాపకురాలిగా చేరి, అందరి నోటా 'బొమ్మల టీచర్'గా స్థిరపడినవారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఆనాడు ఆమెకు కేటాయించిన గది మెట్ల కింద ఉండేది. అందులోని కుళాయి ఎప్పుడూ కారుతూ ఉండేది. ఆమె ఫిర్యాదు చేయలేదు. దాని కింద గిన్నె పెట్టి, పిల్లలకు కుంచెలు కడుక్కునే వసతి చేశారు.

తొలి సంవత్సరాలలో ఆమె పాఠ్యప్రణాళికను తు.చ. తప్పకుండా అనుసరించారు: ఒక కూజా, మూడు పండ్లు, దూరం వెళ్ళేకొద్దీ సన్నబడే రోడ్డు. తరువాత పట్టణంలో పనులు పెరిగి, ఎక్కడెక్కడి కుటుంబాలో వచ్చి చేరాయి. ఆ పిల్లల చేతుల్లో వేరే గీతలున్నాయని గమనించిన ఆమె, "మీ ఇంట్లో పెద్దవాళ్ళు దేనిమీద ఏం గీస్తారో పట్టుకురండి" అన్నారు. దుప్పట్ల అంచులు, కుండల మీది చారలు, పెట్టె మూతల మీది పక్షులు తరగతిలోకి వచ్చాయి. కూజాను ఎవరూ పంపేయలేదు. కాస్త పక్కకు జరిపారంతే.

అలా వచ్చినవారిలో ఒక అమ్మాయి, చివరి పరీక్ష కోసం తమ పాత ఇంటి వాకిలిని గీసింది. నాలుగు వైపులా ఇళ్ళు వెల్లకిలా పడుకున్నట్టుంటాయి. పరీక్షకు ముందు ఆ చిత్రాన్ని అధ్యాపకుల గదిలో గోడకు తగిలిస్తే, వచ్చేపోయే ప్రతివారూ దాన్ని సరిచేసేవారే. "ఎవరయ్యా దీన్ని తలకిందులు చేసింది?" అని గుమాస్తా ఒకవైపు తిప్పితే, లెక్కల మాస్టారు మరోవైపు తిప్పేవారు. మనవరాలి కోసం వచ్చిన ఆ అమ్మాయి అమ్మమ్మ ఒకరోజు ఆ వేడుక చూసి నవ్వాపుకోలేకపోయింది. "బొమ్మను తిప్పుతారేంటి బాబూ? బల్ల మీద పెట్టి మీరే తిరగండి" అంది. వాళ్ళవైపు బొమ్మను నేల మీద పరిచి, చుట్టూ కూర్చుని చూస్తారట.

పరీక్షనాడు నవ్వులాట కుదరలేదు. చిత్రాలను బోర్డుకు గుచ్చి మార్కులు వేయాలన్నది నిబంధన. ఆ మార్కుల మీదే అమ్మాయికి కళాశాలలో సీటు ఆధారపడి ఉంది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు కూర్చున్నచోటి నుంచే చూసి పెదవి విరిచారు.

"మూడు వైపుల ఇళ్ళు పడిపోయాయమ్మా. పాస్ చేయలేను."

బొమ్మల టీచర్ చిత్రాన్ని బోర్డు నుంచి తీసి, బల్ల మీద పరిచారు. "ఒక్క చుట్టు తిరిగి చూడండి సార్."

"మోకాళ్ళ నొప్పులతో చస్తుంటే, గానుగెద్దులా తిరగమంటారా?"

"మీరు లేవకండి. కుర్చీ నేను జరుపుతాను."

నిజంగానే జరిపారు. ఆయనతో సహా కుర్చీ కిర్రుమంటూ బల్ల చుట్టూ కదిలింది. మొదటి వైపు ఆయన విసుక్కున్నారు. రెండో వైపు కళ్ళజోడు తుడుచుకున్నారు. మూడో వైపు ఒక గడప ముందు ఎవరో పిల్లకు జడ వేస్తున్నారు.

"ఇక్కడ కాసేపు ఆపండమ్మా" అన్నారు.

అమ్మాయి ఉత్తీర్ణురాలైంది. మరుసటి ఏడాది నుంచి పరీక్ష గదిలో బోర్డు పక్కన ఒక బల్ల కూడా వేస్తున్నారు.

ఇటువంటి పనులను ఆమె చాటుకోలేదు. భార్యను పోగొట్టుకుని తిరిగి విధుల్లో చేరిన ఒక సహాధ్యాపకుడికి ఆమె ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. "కాస్త ఈ కుంచెలు కడిగిపెడతారా అన్నయ్యగారూ?" అన్నారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళడం ఆయనకు కొంచెం తేలికైంది.

ఇకపై గంట మోగదు, హాజరు పిలవనక్కరలేదు. చూడవలసినవి మాత్రం నాలుగు వైపులా ఉన్నాయి. వాటి చుట్టూ తిరగడానికి బొమ్మల టీచర్‌గారికి చూపు చెదరని కళ్ళు, నొప్పెరుగని మోకాళ్ళు, నిండైన ఆయుష్షు కలగాలని కోరుకుంటున్నాం. ఎప్పుడైనా అలసిపోతే కబురు పెట్టాలి. కుర్చీ జరపడానికి ఇక్కడ చాలామంది ఉన్నారు.